రుప్షూ ఉప్పుసరస్సు – పుగా వేడిబుగ్గలు

బంగారు నగను అతికే కంసాలి తన కుంపటి పక్కన తెల్లని పలుకులు కొన్ని ఎప్పుడూ ఉంచుకొంటాడు. వాటినే మనం వెలిగారం అంటాం. సంస్కృతంలో దాని పేరు టంకణం. నిప్పు సెగ తగలగానే అది పొంగుతుంది. పిదప కరిగి అద్దపు పొరవలె లోహం మీద పరచుకొంటుంది. లోహానికి పట్టిన మలినాన్ని తనలో కలుపుకొని అతుకు గట్టిగా పట్టేటట్లు చేస్తుంది. పొంగించిన వెలిగారాన్ని తేనెలో రంగరించి పసిబిడ్డల నోటిపూతకు రాసే అలవాటు మన ఇళ్ళలో చాలా కాలం ఉండేది. అది పసివారికి హాని చేస్తుందని నేటి వైద్యులు వద్దంటున్నారు. కంసాలి మాత్రం దానిని విడిచిపెట్టలేదు.

ఈ పలుకులు మన నేలలో పుట్టినవి కావు. పూర్వం మన దేశానికి కావలసిన వెలిగారంలో అధికభాగం హిమాలయాల ఆవలినుండి, టిబెట్టు, లడఖ్ పీఠభూములనుండి, గొర్రెల వీపుల మీద కొండలు దిగి వచ్చేది. అది దొరికిన చోట్లలో ఒకటి లడఖ్‌లోని పుగా లోయ. ఆ లోయలో సలసల కాగే నీరు నేలను చీల్చుకొని పైకి వస్తుంది. ఆ లోయకు పడమట ఒక్క కనుమ దాటితే చాలు, ఎడారి నడుమ ఒక ఉప్పుసరస్సు కనిపిస్తుంది. దాని పేరు త్సో కార్. ఆ దేశపు భాషలో త్సో అంటే సరస్సు, కార్ అంటే తెలుపు. తెల్ల సరస్సు అని అర్థం. ఈ ప్రసంగం ఆ సరస్సునూ, ఆ బుగ్గలనూ, వాటిని నమ్ముకొని బ్రతికిన మనుషులనూ గురించినది.

ఎడారి అనగానే మనకు ఇసుక దిబ్బలూ, మండే ఎండా తోస్తవి. లడఖ్ చలి ఎడారి. అక్కడ ఏడాది పొడుగునా పడే వాన, లేహ్ పట్టణపు లెక్క ప్రకారం, దాదాపు 100 మిల్లీమీటర్లు. మనలో కరవుకు మారుపేరుగా చెప్పుకొనే అనంతపురంలో కురిసే వాన దానికి అయిదు రెట్లకు పైన. మబ్బులన్నీ హిమాలయాల దక్షిణపు వాలులోనే కురిసి ఖాళీ అయిపోతవి. కొండల వెనుకకు చేరేది పొడి గాలి మాత్రమే. లడఖ్‌కు ఆగ్నేయ భాగాన ఉన్న రుప్షూ అనే సీమ అంతకంటె ఎత్తైనది. అక్కడ చెట్టు లేదు. ఎత్తువల్లనూ చలివల్లనూ పైరు పండడం అరుదు. వేసవిలో పగటి ఎండ చర్మాన్ని కాల్చినా, రాత్రికి నీరు గడ్డకట్టవచ్చు.

లేహ్ నుండి పోయే బాట సింధునది ఒడ్డుననే ఎగువకు సాగుతుంది. ఉప్షీ దాటిన తరువాత కొండలు దగ్గరపడి, నది ఇరుకైన గండిలో పరుగెత్తుతుంది. లేహ్‌కు దాదాపు 140 కిలోమీటర్ల దూరాన చూమాథాంగ్ అనే ఊరు ఉన్నది. అక్కడ నదీగర్భం పక్కనే వేడినీటి ఊటలు ఉన్నవి. ఒక పక్క మంచు కరిగిన సింధువు, దాని పక్కనే ఆవిరి చిమ్మే బుగ్గ! మరి కొంత దూరం పోయి, మాహే దగ్గర వంతెన దాటి, సుమ్దో మీదుగా పడమటికి తిరిగితే పుగా లోయ ప్రారంభమవుతుంది. ఇది తూర్పు పడమరలుగా పరచుకొన్న సన్నని లోయ. పొడవు సుమారు 15 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా కిలోమీటరుకు మించదు. సముద్రమట్టానికి దాని ఎత్తు 14,000 అడుగులకు పైమాట.

లోయ నడుమ ఒక వాగు పారుతుంది. వాగుకు ఇరువైపులా బురద నేల, పచ్చిక. ఆ పచ్చిక నడుమ అక్కడక్కడ నీటి మడుగులు బుడబుడమని పొంగుతుంటవి. కొన్ని కంతలలోనుండి ఆవిరి మాత్రమే వస్తుంటుంది. గాలిలో గంధకపు వాసన. నేలమీద మన చవుడు నేలలలో వేసవిలో పైకి ఉబికే తెల్లని పొర వంటి పొర. అయితే మన చవుడులో సోడా, ఉప్పు ఉంటవి. ఈ పొరలో ఉన్నది వెలిగారం. రాళ్ళ సందులలో పసుపుపచ్చగా మెరిసేది గంధకం. బుగ్గలలో అన్నిటికంటె వేడి అయినదాని వేడిమి 84 డిగ్రీల సెంటిగ్రేడు. అది తక్కువ కదా అనుకోరాదు. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు తక్కువ వేడికే కాగుతుంది. పుగా ఎత్తున నీరు కాగేది 85 డిగ్రీల దరిదాపులలోనే. అంటే ఆ బుగ్గ నిజంగా కాగుతున్న నీరే.

ఇంత చలిదేశంలో ఇంత వేడి ఎక్కడిది? భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పే సమాధానం ఇది. దాదాపు అయిదు కోట్ల సంవత్సరాల క్రిందట భారత భూఖండం ఉత్తరానికి జరిగి ఆసియా ఖండాన్ని ఢీకొన్నది. నడుమనున్న సముద్రం మూసుకొనిపోయి, దాని అడుగుభాగం ముడుతలు పడి హిమాలయాలతోపాటు పైకి లేచింది. రెండు ఖండాలు అతుకుకొన్న ఆ గీటు నేటి సింధునది లోయ వెంబడిగా పోతుంది. పుగా, చూమాథాంగ్ ఆ అతుకు దరిని ఉన్నవి. అక్కడ భూమి పొర పగుళ్ళు పడి ఉన్నది. లోతున ఉన్న వేడి ఇతరచోట్లకంటె పైకి వచ్చి ఉన్నది. మంచు కరిగిన నీరు పగుళ్ళ వెంట లోతుకు దిగి, అక్కడ వేడెక్కి, రాళ్ళలోని ఖనిజాలను కరిగించుకొని తిరిగి పైకి లేస్తుంది. పైకి వచ్చిన నీరు ఆవిరై పోతుంది. అది మోసుకొనివచ్చిన వెలిగారమూ గంధకమూ నేలమీద మిగులుతవి.

పుగానుండి పడమటికి పోతే బాట క్రమంగా ఎత్తెక్కి, 16,000 అడుగులకు పైబడిన పోలోకొంకా కనుమను దాటుతుంది. ఆవలి వైపు దిగగానే చుట్టూ కొండలుగల విశాలమైన మైదానం కనిపిస్తుంది. ఆ మైదానపు పల్లంలో త్సో కార్ ఉన్నది. దాని ఎత్తు 15,000 అడుగులకు కొంచెం తక్కువ. అక్కడ ఉన్నవి నిజానికి రెండు సరస్సులు. దక్షిణాన ఉన్న చిన్నదాని పేరు స్తార్‌త్సాపుక్ త్సో. అది మంచినీటి సరస్సు. ఊటనీరు, మంచునీరు మొదట దానిలో చేరి, అది నిండి పొర్లిన నీరు ఉత్తరాన ఉన్న పెద్ద సరస్సులోకి పోతుంది. పెద్ద సరస్సులోనుండి నీరు బయటకు పోవడానికి మార్గం లేదు. ఎండ, గాలి దానిని ఆవిరిగా తీసుకొనిపోతవి. ఉప్పు అక్కడే నిలిచిపోతుంది. ఒకే నీరు, ముందటి సరస్సులో పారే అవకాశం ఉన్నది కనుక తియ్యగా ఉన్నది. వెనుకటి సరస్సులో నిలిచిపోయింది కనుక ఉప్పగా మారింది. ఒడ్డున తెల్లని ఉప్పు పొర ఎండకు మెరుస్తుంటుంది. సరస్సుకు ఆ పేరు రావడానికి కారణం అదే.

ఈ సరస్సును శాస్త్రదృష్టితో పరిశీలించి వ్రాసినవారిలో ముఖ్యుడు ఫ్రెడరిక్ డ్రూ అనే ఆంగ్లేయుడు. అతడు 1862 నుండి జమ్మూ కాశ్మీర మహారాజు రణబీర్ సింగు కొలువులో భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, 1871లో లడఖ్ గవర్నరు అయినాడు. 1875లో లండనులో ప్రచురించిన తన గ్రంథంలో రుప్షూ ఉప్పుసరస్సును గురించి వివరంగా వ్రాసినాడు. సరస్సు చుట్టూ కొండల వాలుల మీద, నేటి నీటిమట్టానికి చాలా ఎత్తున, మెట్లు మెట్లుగా పూర్వపు ఒడ్డుల గుర్తులు ఉన్నవి. ఒకప్పుడు ఆ మైదానమంతా నీటితో నిండిన ఒకే పెద్ద సరస్సు అని ఆ గుర్తులు చెబుతున్నవి. వాతావరణం పొడిబారిన కొద్దీ నీరు తగ్గి, బయటికి పోయే దారి తెగి, సరస్సు చిన్నదై ఉప్పుబారింది. అంటే త్సో కార్ ఒడ్డున నిలిచి కొండలవైపు చూచే మనిషి ఒక సరస్సు కుంగిపోయిన చరిత్రను మెట్టు మెట్టుగా చదువగలడు.

ప్రకృతి చరిత్ర ఇది. మానవ చరిత్రకు వద్దాం.

రుప్షూలో నివసించేవారు చాంగ్పాలు. చాంగ్‌థాంగ్ అంటే ఉత్తరపు మైదానం. ఆ మైదానపు ప్రజలు చాంగ్పాలు. వారు గొర్రెలు, మేకలు, జడలబర్రెలు మేపుకొంటూ, ఋతువునుబట్టి మేతబీళ్ళు మారుతూ జీవించే సంచార ప్రజలు. జడలబర్రె వెంట్రుకలతో నేసిన నల్లని గుడారం వారి ఇల్లు. గోబా అనే పెద్ద ఒకడు ఏ కుటుంబం ఏ బీటికి పోవలెనో, ఎప్పుడు పోవలెనో సమష్టిగా నిర్ణయించే ఏర్పాటు వారిలో ఉన్నది. వారి మేకలకు చలికాలంలో పెరిగే మెత్తని నూగే పష్మీనా. కాశ్మీరపు శాలువలకు ఆధారం అదే. ప్రపంచంలో శ్రీమంతులు కప్పుకొనే శాలువకు నూలు ఇచ్చిన మేకను మేపేవాని కంచంలోకి గింజ మాత్రం అతని నేలలో పండదు.

కనుక గింజ కొరకు అతడు ఏదో ఒకటి ఇచ్చుకోవలె. ఆ ఇచ్చుకొన్నది ఉన్ని, ఉప్పు. వేసవిలో నీరు తీసిన తరువాత త్సో కార్ ఒడ్డున పేరిన ఉప్పును చాంగ్పాలు గీరి పోగుచేసేవారు. జోడు సంచులలో నింపి గొర్రెల వీపున వేసేవారు. ఒక్కొక్క గొర్రె మోసేది 10 లేక 12 కిలోలు. వందల కొలది గొర్రెలు మంద కట్టి, దారిలో దొరికిన మేత మేస్తూ, కనుమలు దాటి జన్‌స్కర్ లోయకు చేరేవి. జన్‌స్కర్‌లో యవలు పండుతవి, ఉప్పు లేదు. అక్కడ ఉప్పు కొలిచి ఇచ్చి యవలు కొలిచి తెచ్చుకొనేవారు. లడఖ్‌వారి తేనీటిలో పంచదార వేయరు. వెన్న, ఉప్పు వేసి చిలుకుతారు. కనుక వారికి ఉప్పు కూడులోకీ కావలె, తాగే తేనీటిలోకీ కావలె. ఒక ఊరి గృహస్థునికీ ఒక చాంగ్పా కుటుంబానికీ మధ్య ఈ మారకం తరతరాలుగా నడిచేది.

ఈ సంగతి వినగానే మనకు లంబాడీలు, పెరికెవారు గుర్తుకు రాకపోరు. మన తూర్పుతీరపు ఉప్పుకొటార్లనుండి ఉప్పును ఎడ్ల వీపున పెరికెలలో వేసుకొని, దక్కను లోపలి ఊళ్ళకు చేర్చి, అక్కడినుండి ధాన్యం తెచ్చినవారు వారే. రైలు వచ్చిన తరువాత ఆ ఎడ్లమందలు కనుమరుగైనవి. ఇక్కడ ఎద్దు, సముద్రం, అక్కడ గొర్రె, సరస్సు, తేడా అంతే. ఉప్పు లేని సీమకూ గింజ లేని సీమకూ నడుమ నడిచి బ్రతికిన జాతులు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నవి. ఆ నడకకు అంతం కూడా చాలాచోట్ల ఒకే విధంగా వచ్చింది.

ఉప్పు ఇరుగుపొరుగు లోయలకు పోయిన సరకు. వెలిగారం దూరదేశాలకు పోయిన సరకు. టిబెట్టు, లడఖ్ లలో దొరికిన ముడి వెలిగారం కొండలు దిగి పంజాబు మైదానానికి చేరేది. అప్పటి అంబాలా జిల్లాలోని జగాధరి అనే పట్టణం దానిని శుద్ధిచేసే స్థలాలలో ఒకటిగా ఉండేది. ఐరోపాకు కూడా శతాబ్దాల పాటు ఈ వెలిగారమే పోయేది. దానిని శుద్ధిచేసే రహస్యం మొదట వెనిస్ నగరపు వర్తకుల చేతిలో, పిదప డచ్చివారి చేతిలో ఉండేది. ముడి వెలిగారానికి ఐరోపా భాషలలో టింకల్ అనే పేరు ఉన్నది. అది మన టంకణ శబ్దమే. పారశీకుల నోట నలిగి, ఓడలెక్కి పోయిన శబ్దం. సరకు ఎక్కడిదో ఎరుగని దేశాలలో కూడా దాని పేరు మాత్రం పుట్టింటి గుర్తును నిలుపుకొన్నది.

పుగా గంధకానికి కూడా గిరాకీ ఉండేది. తుపాకిమందుకు గంధకం కావలె కదా! 1834లో జమ్మూ రాజు గులాబ్ సింగు సేనాని జోరావర్ సింగు లడఖ్ మీద దండెత్తినాడు. అక్కడినుండి టిబెట్టులోకి చొచ్చుకొనిపోయి 1841 డిసెంబరులో అక్కడే మరణించినాడు. 1842లో ఇరుపక్షాలకు సంధి కుదిరింది. 1846లో అమృతసరు ఒడంబడికవల్ల కాశ్మీరు గులాబ్ సింగు వశమైనది. ఆ ఏడే అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ కుల్లు, లాహుల్ మీదుగా ఈ సరస్సుల సీమకు వచ్చినాడు. మరుసటి ఏడు సరిహద్దు నిర్ణయించే సంఘంలో సభ్యుడుగా తిరిగి వచ్చినాడు. పురావస్తు శాఖను ప్రారంభించిన పండితుడుగా అతని పేరు మన చరిత్ర విద్యార్థులు ఎరుగుదురు. 1854లో అతడు లడఖ్‌ను గురించి ప్రచురించిన గ్రంథం మాత్రం అంతగా ఎరుగరు. పాలకులు మారినా, సరిహద్దులు కొలిచే దొరలు వచ్చిపోయినా, వెలిగారం గీరే చేయి, మోసే గొర్రె మారలేదు.

అవి మారవలసివచ్చింది రుప్షూలో జరిగిన ఏ సంఘటనవల్లనూ కాదు. కారణం వేల మైళ్ళ దూరాన, ఇటలీ దేశంలో పుట్టింది.

ఇటలీలో టస్కనీ సీమలో కూడా పుగావలె నేలలోనుండి ఆవిరి చిమ్మే చోట్లు ఉన్నవి. ఆ నీటిలో బోరికామ్లం ఉన్నదని 1777లో హోఫర్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టినాడు. దానినుండి వెలిగారం తయారుచేయవచ్చును. 1818లో ఫ్రాన్స్వా ద లార్దరెల్ అనే ఫ్రెంచివాడు అక్కడ కార్ఖానా పెట్టినాడు. మొదట కట్టెలు కాల్చి ఆ నీటిని కాచేవాడు. చుట్టుపక్కల అడవి తరిగిపోగా, 1827 నుండి భూమిలోని ఆవిరి వేడినే అందుకు వాడుకొన్నాడు. ఖర్చు తగ్గింది, సరకు పెరిగింది. అతని పేరిట ఆ ఊరు లార్దరెల్లో అయింది. ఐరోపాకు ఇక హిమాలయాల వెలిగారంతో అంతగా పని లేకపోయింది. కొద్దికాలానికి అమెరికా వంతు వచ్చింది. కాలిఫోర్నియాలోని డెత్ వేలీ అనే ఎడారి లోయలో 1881లో వెలిగారం బయటపడింది. 1883 నుండి 1889 వరకు 20 కంచరగాడిదలను పూన్చిన పెద్ద బండ్లు 165 మైళ్ళ ఎడారి దాటించి దానిని రైలుకు చేర్చేవి. ఒక్కొక్క గొర్రె మీద 12 కిలోలు మోసే వర్తకం ఆ బండ్లతో పోటీపడి నిలుస్తుందా? ధర పడిపోయింది. పుగా వెలిగారం బేరం క్రమంగా అడుగంటింది.

ఉప్పు వర్తకం మరికొంతకాలం నిలిచింది. దానిని కదిలించినవి రెండు. మొదటిది సరిహద్దు. 1959లో టిబెట్టులో జరిగిన అల్లకల్లోలం, 1962లో చైనాతో మన యుద్ధం, శతాబ్దాల రాకపోకలను ఒక్కసారిగా తెంచివేసినవి. అంతవరకు టిబెట్టు సరస్సులనుండి కూడా లడఖ్‌కు ఉప్పు వచ్చేది, అది ఆగిపోయింది. రుప్షూవారు పూర్వం ఆవలి వైపున వాడుకొన్న మేతబీళ్ళు దక్కకుండా పోయినవి. పైగా టిబెట్టునుండి శరణార్థులు తమ మందలతో సహా ఇవతలికి వచ్చినారు. ఉన్న బీడు తగ్గింది. మేసే నోళ్ళు పెరిగినవి. రెండవది రోడ్డు. సైన్యం కొరకు వేసిన రోడ్లమీద లారీలు వచ్చినవి. లారీలలో మైదానాల ఉప్పు వచ్చింది. అది చవుక. అయొడిను కలిపిన ఉప్పు కూడాను. హిమాలయ ప్రాంతాలలో అయొడిను లోపంవల్ల గొంతువాపు వ్యాధి ఎక్కువ; దానిని అరికట్టడానికి ప్రభుత్వం 1962లో దేశవ్యాప్తంగా ఒక కార్యక్రమం ప్రారంభించింది. కనుక మైదానపు ఉప్పు రావడం కీడు అని చెప్పడానికి లేదు. ఎందరో బిడ్డల ఆరోగ్యానికి అది మేలే చేసింది. అయినా జన్‌స్కర్ గడపలో గొర్రెలమంద కొరకు ఎదురుచూచే గృహిణి క్రమంగా లేకుండా పోయింది. చాంగ్పా చేతిలో మిగిలిన సరకు పష్మీనా ఒక్కటే.

ఇంతలో పుగాకు మరొక గిరాకీ వచ్చింది. ఈసారి అడిగినది వేడినే. ఈ మార్పుకు మూలం కూడా లార్దరెల్లోనే! అక్కడ 1904 జూలై 4వ తేదీన పియెరో జినోరి కోంతి అనే ప్రభువు భూగర్భపు ఆవిరితో చిన్న యంత్రం నడిపి విద్యుద్దీపాలు వెలిగించినాడు. 1913లో 250 కిలోవాట్ల కేంద్రం ఏర్పడింది. నేటికీ టస్కనీలో ఆ విద్యుచ్ఛక్తి ఉత్పత్తి సాగుతున్నది. పుగా వెలిగారాన్ని బజారునుండి వెళ్ళగొట్టిన ఊరే, పుగా ఆవిరికి కూడా విలువ ఉన్నదని లోకానికి నేర్పింది. చరిత్రలో ఇటువంటి చమత్కారాలు అరుదుగా కనిపిస్తవి.

మన భూగర్భ పరిశోధన శాఖ 1973 నుండి పుగాలో బోరులు వేసి పరిశీలించింది. 34 బోరులు వేసినారు. వాటిలో లోతైనది కూడా 400 మీటర్లకు లోపే. అంత తక్కువ లోతులోనే నీరు, ఆవిరి ఉధృతంగా పైకి చిమ్మినవి. ఆ వేడితో గదులను వెచ్చబరచే ప్రయోగం, వెలిగారాన్ని శుద్ధిచేసే ప్రయోగం జరిగినవి. దేశంలో భూగర్భపు వేడినుండి విద్యుత్తు తీయడానికి పుగా కంటె అనువైన చోటు లేదని నిపుణులు చాలా కాలంగా చెబుతున్నారు. 2019 అక్టోబరు 31న లడఖ్ కేంద్రపాలిత ప్రాంతమైనది. 2021 ఫిబ్రవరిలో ఓ.ఎన్.జి.సి. ఎనర్జీ సెంటర్, లడఖ్ పరిపాలన శాఖ, లేహ్ పర్వతప్రాంత అభివృద్ధి మండలి కలసి ఒక ఒప్పందం చేసుకొన్నవి. మొదట 1 మెగావాటు విద్యుత్తు తీయవలెనని సంకల్పం. 2022 ఆగస్టులో బావి తొలుస్తుండగా లోపలి ద్రవం అదుపు తప్పి పొంగి, పుగా వాగులోకి పారింది. పని అప్పటికి ఆగింది.

ఆ వాగు చిన్నదే. కాని దాని నీరు సుమ్దో మీదుగా పోయి సింధువులో కలుస్తుంది. దాని ఒడ్డు పచ్చికలో చాంగ్పాల మందలు మేస్తవి. సంచార కుటుంబాల పిల్లలు ఉండి చదువుకొనే ప్రభుత్వ పాఠశాల ఆ లోయలోనే ఉన్నది. భూమి లోతునుండి వచ్చే నీరు ఒట్టి నీరు కాదని మనం ఇంతకు ముందే చూచినాము. అది తనతో బోరాను మొదలైనవాటిని మోసుకొని వస్తుంది. సహజంగా ఊరే బుగ్గ కొద్దికొద్దిగా విడిచేదానిని బోరుబావి ఒక్కసారిగా విడిచిపెట్టగలదు. వాడిన నీటిని తిరిగి భూమిలోకే పంపే పద్ధతి ఇతర దేశాలలో ఉన్నది. ఆ జాగ్రత్త ఖర్చుతో కూడినది. ఖర్చు తగ్గించుకోవాలని ఎవరికైనా తోచినప్పుడు మొదట బలి అయ్యేది అటువంటి జాగ్రత్తలే.

కనుమకు ఆవల త్సో కార్ సంగతి వేరు. ఆ సరస్సు, దాని తోడి మంచినీటి సరస్సు, చుట్టూ ఉన్న తడినేల 2020లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందినవి. నల్లమెడ క్రౌంచపక్షి మన దేశంలో గుడ్లుపెట్టి పిల్లలను లేపేది లడఖ్‌లోని ఇటువంటి తావులలోనే. అడవిగాడిదల మందలు ఆ మైదానంలో మేస్తుంటవి. 1974లో లడఖ్‌లోకి యాత్రికులను అనుమతించినారు; 1989లో మనాలీ–లేహ్ రోడ్డు వారికి తెరవబడింది. ఆ రోడ్డు త్సో కార్‌కు దగ్గరగానే పోతుంది. పూర్వం వారాల తరబడి నడిచి చేరిన చోటికి నేడు లేహ్ నుండి ఒక పగటిలో చేరవచ్చు. చూచిపోయేవారు పెరిగినారు. తడినేల మీద బండి చక్రం వేసిన గాడి ఏండ్ల తరబడి మానదు. మనుషులు, కుక్కలు దగ్గరైతే గూటిలోని పక్షి లేచిపోతుంది. ఉప్పు తీసుకొనిపోయినవారు ఏడాదికి ఒక ఋతువులో వచ్చి, తెలిసిన దారిన వచ్చి, తెలిసిన దారిననే పోయేవారు.

ఈ ప్రశ్న దూరదేశపుది అని మనం ఊరకుండడానికి వీలులేదు. మన గోదావరి లోయలో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర పగిడేరులో, బొగ్గు కొరకు వేసిన బోరునుండి వేడినీరు పైకి వచ్చింది. అక్కడ సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగం ఒకటి చేపట్టింది. పరిమాణం స్వల్పమైనా, ప్రశ్న అదే: లోతునుండి తీసిన నీరు, వాడిన తరువాత ఎక్కడికి పోతుంది? దానివల్ల కలిగిన లాభంలో ఆ ఊరివానికి ఎంత?

రుప్షూ చరిత్రను మొత్తంగా చూచినప్పుడు ఒక్క విషయం స్పష్టంగా తోస్తుంది. ఆ సీమ లోకానికి ఉప్పు ఇచ్చింది, వెలిగారం ఇచ్చింది, గంధకం ఇచ్చింది, ఉన్ని ఇచ్చింది. రేపు వెలుతురు ఇవ్వవచ్చు. ఏ ఒక్క సరకు విలువనూ అక్కడి మనిషి నిర్ణయించలేదు. వెనిస్‌లో, టస్కనీలో, కాలిఫోర్నియాలో, లారీలు నింపిన మైదానపు పట్టణాలలో ఆ విలువ నిర్ణయమైనది. గిరాకీ ఉన్నన్నాళ్ళు లోకం ఆ కనుమలు ఎక్కింది. గిరాకీ తీరగానే వెనుదిరిగి చూడలేదు. అయినా చాంగ్పా అక్కడే ఉన్నాడు. ఎందుకంటే అతడు ఆ నేలలో ఒక సరకును మాత్రమే చూడలేదు. ఏ బీడు ఎప్పుడు మేపవలె, ఏ ఊట ఎప్పటికీ గడ్డకట్టదు, ఏ ఒడ్డున ఉప్పు పేరుతుంది అన్న తెలివి అతనిది. పుగా ఆవిరితో దీపం వెలిగించడం తప్పు కాదు. నూనె మండించే యంత్రాలమీద, దూరంనుండి తెచ్చే ఇంధనంమీద ఆధారపడిన ఆ చలిదేశానికి అది వరమే కావచ్చు. మొదటి దీపం ఆ లోయలోని బడిపిల్లల గదిలో వెలగవలె. బావి ఎక్కడ తొలవవలెనో, వాడిన నీరు ఎక్కడ విడువవలెనో నిర్ణయించే సభలో గోబా మాట చెల్లవలె. ఇన్ని శతాబ్దాలుగా ఇచ్చిన సీమకు ఈసారైనా అడిగి తీసుకోవడం న్యాయం.